లోపలి చీలిక

నేను ఒక తోలు జీనుని. గుర్రం వీపుకూ మనిషి బరువుకూ నడుమ ఉండటమే నా పని. ఆ ఇద్దరిలో ఎవరికి నొప్పి కలిగినా ముందు తెలిసేది నాకే. ఇప్పుడు మీకు చెబుతున్నట్టు అప్పుడు చెప్పగలిగి ఉంటే, హరిణి ఈపాటికి రెండు కాళ్ల మీద నడుస్తూ ఉండేది.

నేను పుట్టింది కాన్పూరులో. పలుచని చెక్కల్ని జిగురుతో అతికించి, ఆవిరి పట్టి వంచి, ఇనుప పట్టీ బిగించి ఒక ముసలాయన నా చట్రం చేశాడు. దాని మీద ఉన్ని కూరి, తేనె రంగు తోలు కప్పి కుట్టాడు. మనుషులు చూసేది ఆ తోలునే. బరువు మోసేది మాత్రం లోపలి చట్రం. అదేమిటో, కనిపించని దాన్ని మనుషులు ఉన్నట్టే లెక్కవేయరు.

హైదరాబాదులో సుధాకరరావు గారనే పెద్దమనిషి నన్ను కొన్నారు. తొమ్మిదేళ్లు బాగా గడిచాయి. ఒక ఉదయం ఆయన గుర్రం దేనికో బెదిరి, ముందు కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడింది. ఆయన పక్కకు దూకేశారు. గుర్రానికీ బండలకూ మధ్య నేను చిక్కుకున్నాను. నా లోపల ఏదో టక్కుమంది. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "భలే సరుకు! గీత కూడా పడలేదు," అని మురిసిపోయారు. ఆ భయంతోనే ఆయన భార్య గుర్రాన్ని అమ్మించేసింది. పన్నెండేళ్లు నేను చెక్క బీరువాలో ఉన్నాను, లోపలి చీలికతో సహా.

ఆయన పోయాక ఇంటివాళ్లు నన్ను ప్రకాశ్‌లాల్ అనే వ్యాపారికి ఇచ్చేశారు. కొత్త జీన్లు, పాత జీన్లు రెండూ అమ్మే దుకాణం అతనిది. నా ముందు భాగాన్ని తొడకు ఆనించి, వెనక అంచును రెండు చేతులతో తన వైపు లాక్కున్నాడు. చట్రం బాగుంటే ఈ పరీక్షకు జీను వంగదు. విరిగినదైతే నడుము దగ్గర ముడత పడుతుంది, కిర్రుమంటుంది. నేను కిర్రుమన్నాను. ప్రకాశ్‌లాల్ చప్పున నన్ను కింద పెట్టి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు మెత్తని గుడ్డ తీసి, మామూలుగా రాసే దానికి రెండింతల నూనె రాసి, నన్ను అందరికీ కనిపించే చోట కూర్చోబెట్టాడు.

రెండు వారాలకు హరిణి వచ్చింది. వికారాబాదులో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. తను దాచుకున్నదంతా పెట్టి మైనా అనే ఆడగుర్రాన్ని కొనుక్కుంది. చలికాలంలో అనంతగిరి అడవి దారుల్లో నలభై కిలోమీటర్ల స్వారీ పోటీ ఉంది. అది పూర్తి చేస్తే, తను నేర్చుకుంటున్న స్వారీ బడిలోనే ఆడపిల్లల తరగతి ఆమెకు అప్పగిస్తానని యజమాని మాటిచ్చాడు. ఆమె వెంట గురువు లింబాద్రి వచ్చాడు. సైన్యంలో గుర్రపు దళంలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. వయసు డెబ్బై దాటినా నడుము వంగలేదు.

నా పక్కనే ఒక కొత్త సింథటిక్ జీను ఉంది. నల్లగా, ఏ వాసనా లేకుండా. హరిణి దాన్ని ఒంటి చేత్తో ఎత్తింది.

"ఇది మస్తు తేలికగుంది సార్. నీళ్లతోని కడిగేయొచ్చు. వానకు కూడ భయం లేదు."

"గదేం జీను బిడ్డా! మోటారుసైకిల్ సీటు లెక్కుంది," అన్నాడు లింబాద్రి. "గుర్రం మీద తోలే ఉండాలె. ఇగో, దీన్ని చూడు. ఇసొంటిది ఇప్పుడు చేసెటోళ్లు లేరు."

"పెద్దాయనకు తెలుసమ్మా," అన్నాడు ప్రకాశ్‌లాల్.

అబద్ధమెందుకు, ఆ మాటలకు నేను పొంగిపోయాను. పక్కనున్నదాన్ని చిన్నచూపు చూశాను. కానీ దాని లోపల ఏ చీలికా లేదు.

హరిణి మాత్రం తొందరపడలేదు. "పాతది కద సార్. లోపల ఎట్లుందో ఏమో. మీరొక్కసారి వంచి చూడుండ్రి," అంది.

లింబాద్రి నన్ను తొడకు ఆనించుకున్నాడు. ఇక బయటపడుతుందనుకున్నాను. ఆయన వేళ్లు నా వెనక అంచును పట్టుకున్నాయి. కణుపులు వాచి, గట్టిపడి ఉన్నాయి. లాగుతున్నాడు, కానీ ఆ బలం నా తోలు దాటి లోపలికి రాలేదు. ఆయన తలెత్తి హరిణి వైపు చూశాడు. ఆమె ఆయన చేతుల్ని కాదు, ముఖాన్ని చూస్తోంది, పూర్తి నమ్మకంతో.

"గట్టిగుంది," అన్నాడు లింబాద్రి.

ప్రకాశ్‌లాల్ వెంటనే బిల్లు రాశాడు, హరిణి నన్ను కొనుక్కుంది.

మైనాకు మొదటి రోజే తెలిసిపోయింది. నన్ను వీపున వేయగానే చెవులు వెనక్కి వాల్చింది. హరిణి ఎక్కి కూర్చున్నప్పుడల్లా నా చీలిక కాస్త తెరుచుకుని, ముందు వంపు కుడివైపు దిగి, గుర్రం మూపును నొక్కేది. మూడో వారానికి నన్ను చూస్తేనే మైనా వెనక్కి తగ్గసాగింది. ఒకసారి హరిణి చొక్కా చేతిని పళ్లతో పట్టి లాగింది.

"సార్, మైనా ఎన్నడు కరవలే. మూపు దగ్గర వాచింది కూడ."

"దానికి కొత్త జీను కద, అలవాటు పడాలె. కింద ఇంకో బొంత వెయ్యి," అన్నాడు లింబాద్రి.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే జీన్ల గదిలోకి వచ్చాడు. నన్ను మళ్లీ తొడకు ఆనించుకుని లాగాడు. వేళ్లు జారిపోయాయి. ఇంకోసారి లాగాడు. ఆయనకు అనుమానం నా మీద కాదు, తన చేతుల మీద. బలమున్న మనిషిని ఎవరినైనా పిలిచి "నువ్వు వంచి చూడు" అంటే సరిపోయేది. కానీ ఆయన ఎవరినీ పిలవలేదు. నన్ను తిరిగి కొయ్య మీద పెట్టి, చేతులు చంకల్లో దాచుకుని వెళ్లిపోయాడు.

పోటీ రోజు పొద్దున మంచు దట్టంగా ఉంది. ముప్పై కిలోమీటర్లు దాటేసరికి నా చీలిక వేలెడు వెడల్పయింది. హరిణి మాత్రం మైనా మెడ నిమురుతూ, "ఇంకొంచెమే తల్లీ, ఇంకొంచెమే," అంటోంది. దారి వాగులోకి దిగింది. మైనా నీళ్ల మీదుగా దూకి అవతలి గట్టున కాళ్లు మోపింది. అప్పుడు నా చట్రం రెండు ముక్కలైంది. ఇనుప పట్టీ కొస ఉన్నిని చీల్చుకుని మైనా మూపులో దిగింది. గుర్రం అరిచిన అరుపు నేనెన్నడూ విననిది. అది ఎగిరి తన్నింది. హరిణి రాళ్ల మీద పడింది. నేను మైనా పొట్ట కిందికి జారాను; అది నన్ను చెట్లకు తగిలిస్తూ చాలాదూరం ఈడ్చుకుపోయింది. గుర్రం ఆగిపోయాక వెనక నుంచి హరిణి కేక వినిపిస్తుందేమోనని చూశాను. వినిపించలేదు.

ఆమె బతికింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగిందనీ, మనిషి నిలబడుతుందేమో గానీ మునుపటిలా పరుగెత్తలేదనీ లాయంలో చెప్పుకున్నారు. కిందపడినప్పుడే జీను విరిగిందని అందరూ అనుకున్నారు. లింబాద్రి ఒక్కడే నా చిరిగిన చోట వేలు పెట్టి లోపలికి చూశాడు. చూసి, తోలు మళ్లీ మూసేశాడు. రెండు నెలలు ఎవరితోనూ ఏమీ అనలేదు.

హరిణి చంకకర్రల మీద లాయానికి వచ్చిన రోజునే ప్రకాశ్‌లాల్ కూడా తన బండి వేసుకుని వచ్చాడు. మైనాను పరామర్శించి, నా దగ్గరికొచ్చి తోలు తడిమాడు.

"పైతోలు ఇంకా బంగారంలా ఉందమ్మా. నేను తీసుకుపోతా. బదులు ఆ నల్ల జీను కొత్తది మీకిచ్చేస్తా."

"తీసుకపోండి," అంది హరిణి. "నాకు దాని మొహం చూడబుద్ధయితలేదు."

"ఇయ్యొద్దు బిడ్డా," అన్నాడు లింబాద్రి.

ఆయన నన్ను ఎత్తుకుని వెలుతురులోకి తెచ్చి, చిరుగును విప్పి చూపించాడు. "నువ్వు పడ్డప్పుడు ఇరగలే ఇది. ఇరిగే వచ్చింది. చూడు, ఈ సగం నల్లగుంది, పాత నూనె ఇంకింది. ఈ సగం తెల్లగుంది, మొన్న ఇరిగింది."

హరిణి ఆ కర్ర మీద వేలు పెట్టి చూసింది. "మరి ఆ రోజు మీరు వంచి చూసిన్రు కద సార్?"

"వంచినట్టు చేసిన. నా వేళ్లల్ల బలం పోయి రెండేండ్లయింది. నీ ముంగట ఆ మాట చెప్పనీకి నామోషీ అయింది."

"మైనా మూపు వాచినప్పుడన్న చెప్పకపోతిరి."

లింబాద్రి నన్ను బల్ల మీద పెట్టాడు.

"అయిపోయిందేదో అయిపోయింది, ఇప్పుడెందుకు పెద్దాయనా," అంటూ ప్రకాశ్‌లాల్ నా మీద చెయ్యి వేశాడు.

"ఇంకెవరికి అంటగడ్తవ్ దీన్ని?" లింబాద్రి ఆ చేతిని తోసేసి, తోలు కోసే కత్తి తీశాడు. నా మీద ఆనించి నొక్కాడు. పిడి జారింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ జారింది. ఆయన కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు నా మీదే పడ్డాయి.

హరిణి చంకకర్రల్ని గోడకు ఆనించి బల్ల మీద కూర్చుంది. ఆయన చేతిలోంచి కత్తి తీసుకుంది. "మీరు పట్టుకోండి," అంది. మామూలుగా చివర చేర్చే "సార్" ఈసారి చేర్చలేదు.

ఆయన పట్టుకున్నాడు. ఆమె కోసింది. నా మీద కోపంతో కోసిందో, ఆయన మీద కోపంతో కోసిందో నాకు తెలియదు. కత్తి ఎక్కడా తడబడలేదు. తేనె రంగు తోలు పట్టీలు పట్టీలుగా నేలమీద పడింది. నొప్పి కన్నా ముందు నాకు గాలి తగిలింది. పుట్టాక మొదటిసారి నా చట్రం బయటపడింది, ఎవరైనా చూడగలిగేలా.

ప్రకాశ్‌లాల్ వెళ్లి బండి ఎక్కాడు. లాయం తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు అంతా కనిపించింది. బండి వెనక మరో నాలుగు పాత జీన్లున్నాయి. వాటికి కొత్తగా నూనె రాశాడు, ఎండకు నిగనిగలాడుతున్నాయి. గేటు దగ్గర గుంతలో చక్రం పడి బండి ఊగింది. ఆ నాలుగింటిలో ఒకటి కిర్రుమంది.

లింబాద్రి తల వంచుకునే ఉన్నాడు. హరిణి కత్తి తుడుస్తోంది. బండి మలుపు తిరిగి పట్నం దారి పట్టింది.