కన్ను చూసేవాడు

తుపాకి పేలింది. ఆ వెంటనే సిమెంటు నేల దద్దరిల్లేలా గొడ్డు కూలింది. గుడ్లగూబ అని పిలిచే కత్తివాడు వంగి, రబ్బరు తొడుగు వేసుకున్న వేలితో దాని కనుగుడ్డును తాకి చూశాడు. రెప్ప కదల్లేదు. “సరే” అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాకే అవతల నిలబడ్డ గొలుసోడు వంగి, వెనక్కాలికి గొలుసు తగిలించాడు. పైనున్న మోటారు గుర్రుమని లాగితే గొడ్డు తలకిందులుగా లేచింది. గుడ్లగూబ కత్తి అడ్డంగా ఒక్కసారి వెళ్ళి వచ్చింది. నెత్తురు కాలవలోకి దూకుతుండగానే, బోనులోకి ఇంకో గొడ్డును కర్రలతో పొడిచి తోలుతున్నారు.

ఆ కబేళాలో అందరికీ పనిని బట్టే పేర్లు. తుపాకి పట్టేవాడు తుపాకి, గొలుసు వేసేవాడు గొలుసోడు. కత్తి పట్టిన ఇతనికి మాత్రం కళ్ళను బట్టి వచ్చింది పేరు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, మెడ లేనట్టుగా ఉంటాడు. ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు. ఆ ముక్కుకు రెండు పక్కలా రెప్ప కొట్టడం మరిచిపోయిన రెండు పెద్ద కళ్ళు.

తుపాకి అంటే నిజంగా గుండ్లు పేల్చేది కాదు. నుదుటి మీద ఆనించి నొక్కితే ఒక ఇనుప మేకు లోపలికి దిగి వెనక్కి వస్తుంది. సరైన చోట పడితే గొడ్డుకు ఇక ఒళ్ళు తెలియదు. కాస్త పక్కకు పడితే మాత్రం కూలుతుంది గానీ తెలివి పోదు. తెలివున్న గొడ్డు కన్ను తాకితే రెప్ప కొడుతుంది. కొట్టిందా, కత్తివాడు “ఆగు” అని అరవాలి, అందరూ వెనక్కి దూకాలి, తుపాకి మళ్ళీ పేలాలి. కోయడం ఎవడైనా నేర్చుకుంటాడు. కన్ను చూడటమే అసలు పని, ఆ పని గుడ్లగూబది. అతను “సరే” అంటే వెనక్కాళ్ళ మధ్య తల పెట్టడానికి కూడా గొలుసోడు వెనకాడడు.

ఇన్నేళ్ళు గొడ్ల కళ్ళు చూసి చూసి అతని కళ్ళు ఎండిపోయాయి. నెత్తి మీద పగలంతా తిరిగే పెద్ద ఫ్యాన్లు, పక్కన మంచు గది, నేల కడిగే మందు ఘాటు. మొదట ఇసుక పడ్డట్టు ఉండేది. తర్వాత రెప్ప వేస్తే గీరుకునేది. చివరికి భార్య పోరు పడలేక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కన్నీళ్ళు ఊరడం లేదన్నాడు డాక్టరు. ఆ మాటకు గుడ్లగూబ చాలా సంతోషించాడు. డాక్టరుకు అర్థం కాలేదు పాపం.

అర్థం కావాలంటే కబేళాలో పని చెయ్యాలి. అక్కడ ఒక మాట ఉంది. “వాడికి నీళ్ళొచ్చాయి” అంటారు. ఇతని కంటే ముందు కత్తి పట్టిన పెద్దాయన ఒకనాడు ఒక ఆవు ముందు నిలబడి, ఎందుకో ఏమో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పూటే మేస్త్రి ఆయన చేతిలో కత్తి లాక్కుని పేగుల గదికి పంపాడు. కంట తడి పెట్టినవాడి చెయ్యి తప్పుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. పేగుల గదిలో ముసలివాళ్ళు, వేళ్ళు తెగినవాళ్ళు మోకాళ్ళ లోతు కంపులో కూర్చుని పేగులు తిరగేసి కడుగుతుంటారు. అక్కడికి పోయినవాడు మళ్ళీ కత్తి పట్టింది లేదు. ఆ గదికి పోవడం కంటే చావడం నయమనుకునే రకం గుడ్లగూబ.

డాక్టరు ఇచ్చిన చుక్కల మందు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెయ్యాలి. వేస్తే కళ్ళు మిరపకాయ పిండినట్టు మండుతాయి. తెల్లగుడ్డు చింతనిప్పులా ఎర్రబడుతుంది. మందో నీళ్ళో తెలియని తడి చెంపల మీదికి కారుతుంది. నూనె కాగితం అడ్డం పెట్టినట్టు కాసేపు అంతా మసక. ఆపైన మందు గొంతులోకి దిగి, తాగిన టీ కూడా తుప్పు నీళ్ళలా ఉంటుంది. మొదటి కొన్ని నెలలు ఇలాగే ఉంటుంది, మానెయ్యకూడదు, మసక పోయేదాకా బండి నడపకూడదు, కత్తీ కటారీ పట్టకూడదు అన్నాడు డాక్టరు. కత్తి మాట అతను అలవాటుగా అందరికీ చెప్పేదే. పక్కనే కూర్చున్న భార్య మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆవిడ ఆ మందుతో ఎలా వేగాలో తనే కనిపెట్టింది. సీసాను ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి మంట తగ్గింది. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి దిగలేదు. రోజూ రాత్రి అతని గడ్డం పట్టుకుని, మొహం దీపం వైపు తిప్పి, తనే వేస్తుంది. ఎందుకంటే గొడ్డు మెడలో నరం చీకట్లోనైనా పట్టుకోగల ఆ చెయ్యి, తన కంటి దగ్గరికి వచ్చేసరికి గడగడా వణుకుతుంది. సీసా మూతి కనిపిస్తే చాలు, రెప్పలు తలుపులేసుకుంటాయి. ఆవిడ నవ్వి నవ్వి చచ్చింది మొదట్లో.

పొద్దున మందు కూడా ఇంట్లోనే వేసుకుని వెళ్ళాడు కొన్నాళ్ళు. ఒకరోజు కత్తి ఎత్తినప్పుడు చెంప మీద చుక్క జారింది. “గుడ్లగూబకి నీళ్ళొచ్చాయిరోయ్” అని తుపాకి కేకేశాడు. అందరూ నవ్వారు గానీ మేస్త్రి నవ్వలేదు, దగ్గరికొచ్చి మొహంలోకి చూసి వెళ్ళాడు. ఆ రాత్రి గుడ్లగూబ భార్యతో అబద్ధం చెప్పాడు. పని దిగాక కబేళా ఆఫీసులో కాంపౌండరు వేస్తాడని, ఆ తర్వాత కత్తి ముట్టుకోనని. ఆవిడ నమ్మింది.

వేస్తున్నది కాంపౌండరు కాదు, గొలుసోడు. పని దిగాకా కాదు, మధ్యలో టీకి వదిలినప్పుడు.

గొలుసోడు గుడ్లగూబకు స్వయానా బామ్మర్ది, భార్యకు తమ్ముడు. ఆరడుగుల మనిషి, మాట తక్కువ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గుడ్లగూబ తాగొచ్చి భార్యను చెంప పగిలేలా కొడితే, మర్నాడు వీడు గేటు దగ్గర కాపు కాసి, బావ ముక్కు మీద గొలుసు చుట్టిన పిడికిలితో గుద్దాడు. ముక్కు రెండయింది. ఆ తర్వాత గుడ్లగూబ భార్య మీద చెయ్యెత్తలేదు. బుద్ధి వచ్చిందో, ముక్కు నొప్పి గుర్తుందో చెప్పలేం. బావాబామ్మర్దులకు మాత్రం మాటల్లేకుండా పోయాయి. ఏళ్ళ తరబడి ఒకే గొడ్డుకు తల దగ్గర ఒకరు, కాళ్ళ దగ్గర ఒకరు నిలబడ్డా, వాళ్ళ మధ్య నడిచింది “సరే” అన్న ఒక్క మాటే. చివరికి ఈ కంటి మందే వాళ్ళను కలిపింది. అడగడానికి గుడ్లగూబకు ఇంకెవరున్నారు? నమ్మకంగా నోరు మూసుకునేవాడు వాడొక్కడే.

టీ గంట కొట్టారు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తోళ్ళ గదిలోకి జారుకున్నారు. ఉప్పు చల్లి పేర్చిన పచ్చి తోళ్ళ కంపుకు ఆ గది గుమ్మం ఎవడూ తొక్కడు. గొలుసోడు బావను గోడకు నెట్టి, ఒక చేత్తో నుదురు అదిమిపట్టాడు. ఆ చేతి మీద ఎండిన నెత్తురు ముందే కడుక్కుని వచ్చాడు, ఆపాటి శుభ్రం వాడికి తెలుసు.

“తెరు బావా.”

“తెరిచే ఉన్నాను.”

“ఏం తెరిచావు? బోనులో దున్న నయం నీకంటే. ఇంత పిరికోడివి, మా అక్క మీద చెయ్యెలా చేసుకున్నావో.”

“అందుకేగా ముక్కు పగలగొట్టావు.”

“అప్పుడే ఇంకోటి వెయ్యాల్సింది” అంటూ గొలుసోడు రెప్పను బొటనవేలితో బలవంతాన పైకి లాగి చుక్క వేశాడు. రెండో కంట్లోనూ వేసి, రెండు కంటి మూలలూ తనే నొక్కి పట్టుకున్నాడు. గుడ్లగూబ పళ్ళు బిగించి కాళ్ళు నేలకేసి కొట్టాడు. ఆ మొరటు వేళ్ళు మొహం మీద ఉన్నంతసేపూ అతనికి మంట సగమే అనిపించింది. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

రోజూ అయితే టీ విరామం అయ్యేసరికి మసక విడిపోయేది. ఇవాళ మంట ఇంకా తగ్గకముందే తలుపు మీద ఇనపకడ్డీ చప్పుడయింది. “ఎవడ్రా లోపల? బయట లారీ నిలబడి ఉంది, మీ అయ్య లాగుతాడా మాంసం? రండి బయటికి” అని మేస్త్రి బూతులు లంకించుకున్నాడు. గుడ్లగూబ చొక్కా చేతితో చెంపలు తుడుచుకున్నాడు.

“కనిపిస్తోందా బావా?” గొలుసోడు గొంతు తగ్గించి అడిగాడు. “లేకపోతే చెప్పు. కడుపునొప్పని చెప్పి ఆపుతా.”

మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. వాడి ఆకారం ఒక గోధుమరంగు మరకలా కనిపిస్తోంది గుడ్లగూబకు. కనిపించడం లేదంటే ఎందుకని అడుగుతాడు, మొహం పట్టుకుని చూస్తాడు, తర్వాత పేగుల గది.

“కనిపిస్తోంది” అన్నాడు.

బోనులోకి వచ్చింది పెద్ద గొడ్డు. మెడ తిప్పుతూ, కొమ్ములతో ఇనపరేకును గుద్దుతూ ఒక్కచోట నిలవలేదు. మేస్త్రి వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. తుపాకి విసుగెత్తి, దొరికిన చోట ఆనించి నొక్కేశాడు. బోను తలుపు లేచింది, గొడ్డు దొర్లుకుంటూ నేల మీద పడింది.

గుడ్లగూబ వంగాడు. అతని ముందున్నది తల కాదు, నల్లటి ముద్ద. అలవాటు మీద వేలు కంటి చోటికే వెళ్ళింది. తాకాడు. తొడుగు కింద ఏదో కదిలినట్టయింది. తన వేలే వణికిందేమో. మళ్ళీ తాకి చూస్తే ఆలస్యం, ఆలస్యమైతే మేస్త్రి దగ్గరికొస్తాడు. కళ్ళు చిట్లించాడు. ఏమీ కనిపించలేదు.

“సరే” అన్నాడు.

గొలుసోడు వంగాడు.

గొడ్డు కాలు ఒక్కసారి విసిరింది. చెక్క విరిగినట్టు చప్పుడయింది, అంతే. తర్వాత గొడ్డు లేవడం, కత్తుల బల్లను కొమ్ములతో ఎత్తి పారెయ్యడం, ఒకడి తొడను చీల్చడం, మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ గోడలెక్కడం, తుపాకి రెండుసార్లు పేలడం, అదంతా పెద్ద గోలగా జరిగింది. ఆ గోలలో గొలుసోడిని ఎవరూ చూడలేదు. వాడు గోడకు వీపు ఆనించి, అలిసిపోయినవాడిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చెవి వెనక నుంచి సన్నగా నెత్తురు దిగుతోంది. గుడ్లగూబ తడుముకుంటూ వెళ్ళి వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వేలితో కంటిని తాకాడు. రెప్ప కదల్లేదు.

కాసేపటికి మసక విడిపోయింది. అంతా స్పష్టంగా, పదునుగా కనిపించసాగింది. కళ్ళు ఉప్పు రాసినట్టు మండాయి గానీ ఒక్క చుక్క రాలేదు. రొమ్ము కొట్టుకుని ఏడవాలని ఉంది. గోడకేసి తల బాదుకోవాలని ఉంది.

మేస్త్రి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “తుపాకి దెబ్బ పక్కకు పోయింది, నీ తప్పేం లేదు” అన్నాడు. తర్వాత చుట్టూ చేరినవాళ్ళ వైపు తిరిగి, “చూడండ్రా, సొంత బామ్మర్ది పోతే కంట్లో చుక్క లేదు. కత్తి పట్టేవాడంటే వీడు” అన్నాడు. జీవితమంతా ఆ మాట కోసమే ఎదురుచూసిన గుడ్లగూబ, భుజం మీది చేతిని తోసేశాడు.

గేటు దగ్గరికి భార్య వచ్చింది. తమ్ముడి మీది గుడ్డ తీసి చూసి, అరిచి, జుట్టు పీక్కుని, ఆడవాళ్ళు పట్టుకుంటే విడిపించుకుని అతని దగ్గరికి వచ్చింది. అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. తెల్లగుడ్డులోని ఎర్ర జీరలు చూసింది, రెప్పల అంచున ఎండిన తెల్లటి పొర చూసింది. రోజూ రాత్రి ఆ కళ్ళలో మందు వేసే మనిషి, ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

“మందు వేసుకున్నావు.”

అతను మొహం పక్కకు తిప్పబోయాడు, ఆవిడ గడ్డం వదల్లేదు.

“ఎవరేశారు? నీ అంతట నువ్వు వేసుకోలేవు. కాంపౌండరా?”

“మీ తమ్ముడు.”

“ఎప్పుడు?”

“టీ అప్పుడు. రోజూ వాడే.”

“వెంటనే కన్ను చూశావా? నువ్వే చూశావా?”

“నేనే చూశాను. కనిపించలేదు. సరే అన్నాను.”

ఆవిడ కొట్టింది. చెంప మీద, వంకర ముక్కు మీద, రొమ్ము మీద, రెండు పిడికిళ్ళతో, చేతులు పడిపోయేదాకా కొట్టింది. అతని పెదవి చిట్లింది. అడ్డం రాబోయిన వాళ్ళతో “కొట్టనివ్వండి” అన్నాడు. ఆవిడ ఆగి, ఒగరుస్తూ, చాలా మామూలు గొంతుతో, “ఇక మందు ఎవరేస్తారో చూసుకో” అని, తమ్ముడితో పాటు బండెక్కి వెళ్ళిపోయింది.

గుడ్లగూబ లోపలికి వెళ్ళి కత్తి మేస్త్రి బల్ల మీద పెట్టాడు. కళ్ళు కనపడక బామ్మర్దిని తనే చంపానని రాసుకొమ్మన్నాడు. మేస్త్రి నోరు మూసుకొమ్మన్నాడు. అతను మళ్ళీ అదే చెప్పి, ఎవరి వంకా చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో పనివాళ్ళకు తెలియదు, మర్నాడు కత్తి ఇంకొకడు పట్టాడు.

బట్టలు మార్చుకునే గదిలో, చివరి మేకుకు, గొలుసోడు పొద్దున విప్పి తగిలించిన చొక్కా ఉంది. మోచేతుల దాకా మడిచిన దాని చేతులు మడిచినట్టే ఉన్నాయి.