‘రాదు’ అనకూడదట

మారు తాళంచెవులు చేసే ఆ మనిషికి లోకమంతటి మీదా అనుమానమే. ఎవరైనా తాళంచెవి తెస్తే, "ఇల్లు మీదేనా?" అని అడగనిదే ఆకురాయి ముట్టుకోడు. "అద్దంలో ఆయన మొహమే కనబడ్డా, ఎవరయ్యా నువ్వని నిలదీస్తాడు," అని భార్య ఎగతాళి చేసేది.

అలాంటివాడికి కూతురి కొత్త టీచరమ్మ నచ్చుతుందా? ససేమిరా నచ్చలేదు. ఆవిడ తరగతిలో ‘రాదు’ అనే మాటే అనకూడదట. లెక్క రాకపోతే ‘ఇంకా రాలేదు’ అనాలట!

"మాట మారిస్తే బుర్ర మారుతుందా? ఇందులో ఏదో మతలబు ఉంది," అన్నాడు.

"పిల్లకి ఎక్కాలు వచ్చేశాయిగా. ఇంకేం కావాలి మీకు?" అంది భార్య.

"అన్నాళ్ళు రానివి ఇప్పుడెందుకొచ్చాయి? అదే నా అనుమానం."

కూతురికి చిన్నప్పటినుంచీ ఆస్తమా. బక్కపలచని పిల్ల, అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చాలి. దాన్ని ఆ పిల్ల ‘పంపు’ అంటుంది. వీధిలో పిల్లలు పరుగులు తీస్తుంటే తండ్రి మాత్రం దాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. "పంపు వాడేవాళ్ళు పరిగెత్తలేరమ్మా," అని బుజ్జగించి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. ప్రేమ కాదా అంటే ప్రేమే, ఎవరు కాదన్నారు?

ఈమధ్య పిచ్చుక వాలకం తేడాగా ఉంది. బూట్ల నిండా దుమ్ముతో ఇంటికొస్తోంది. ఏంటే అంటే, "ఏం లేదు నాన్నా," అంటోంది. పంపు పీల్చే వేళకి తలుపు దగ్గరగా వేసుకుంటోంది. తండ్రికి రాత్రిళ్ళు సరిగా నిద్ర పట్టడం లేదు.

ఒకరోజు పిల్ల బడికి వెళ్ళాక అతను దాని పక్క దులుపుతుంటే దిండు కింద ఇన్‌హేలర్ దొరికింది. దాని మీద, ఇంకెన్నిసార్లు పీల్చవచ్చో చూపించే అంకె కొన్నప్పుడు ఎంతుందో అంతే ఉంది. "ఆవిడే! ఆ టీచరమ్మే మాన్పించింది," అనుకుంటూ ఇన్‌హేలర్ జేబులో వేసుకుని బడికి పరుగు తీశాడు.

మైదానంలో పిల్లలు పరిగెత్తుతున్నారు. అందరికన్నా వెనకాల పిచ్చుక! చూస్తుండగానే ఆ పిల్ల ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "పంపు ఏదమ్మా? సంచిలో ఉందన్నావుగా!"

"ఊపిరి... ఇంకా రాలేదు టీచర్... వస్తుంది..." అంది పిచ్చుక రొప్పుతూ.

తండ్రి ఒక్క ఉదుటున వెళ్ళి ఇన్‌హేలర్ దాని నోటికి పెట్టాడు. ఊపిరి కాస్త కుదుటపడగానే ఎత్తుకుని, పక్క వీధిలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. టీచరమ్మ కూడా వెంట వచ్చింది. రాక చస్తుందా, అనుకున్నాడు కసిగా.

డాక్టరమ్మ ఛాతీ పరీక్షించి, గండం గడిచిందన్నాక పిల్లని దగ్గరికి తీసుకుంది. "పంపు మానెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

తండ్రి చేతులు కట్టుకుని టీచరమ్మ వైపు ఓరగా చూశాడు. "భయపడకుండా చెప్పు తల్లీ. నేనున్నాగా," అన్నాడు.

"నాన్నే," అంది పిచ్చుక.

"నేనా! నేనెప్పుడన్నానే?"

"పంపు వాడేవాళ్ళు పరిగెత్తలేరన్నావుగా. నాకేమో పరుగు రాదని కాదు, ఇంకా రాలేదంతే. అందుకే ముందు పంపు మానేశా."

అతను కట్టుకున్న చేతులు విప్పేశాడు. అంత సిగ్గు అతను ఎన్నడూ ఎరగడు.

"సంచి తెరిచి చూడాల్సింది. నాదీ తప్పే," అంది టీచరమ్మ మెల్లగా.

"పంపు మానేసినందుకే నీకు ఊపిరాడలేదు," అంది డాక్టరమ్మ పిల్లతో. "రోజూ పీలుస్తూ హాయిగా పరిగెత్తే పిల్లలు నా దగ్గర బోలెడుమంది ఉన్నారు. వారం ఆగి నువ్వూ మొదలుపెట్టు."

తండ్రి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. "నేనే తప్పు చెప్పానమ్మా. పంపు పీల్చి పరిగెత్తు. నేనింకెప్పుడూ ఆపను."

పిచ్చుక కళ్ళు చిన్నవి చేసి, ఒక కనుబొమ్మ ఎత్తి అతన్ని కిందికీ మీదికీ చూసింది. తాళంచెవి తెచ్చినవాళ్ళని అతను చూసే చూపే అది.

"నిజమేనా? మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టవు కదా?"

"నా మాట మీద నమ్మకం లేదా తల్లీ?"



"ఇంకా రాలేదు నాన్నా," అంది.