కేక లేని హోరు

మైకు తీగను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటుండగా వంటింట్లో ఏదో మూత జారిపడింది. గుబులు బాబాయ్ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. మూత నేల మీద గిరగిరా తిరిగి, మెల్లగా వాలి, వణికి వణికి ఊరుకునేదాకా తల పక్కకు వంచి నిలబడ్డాడు.

"అదే మూత, ఇంకోసారి పడెయ్యగలవా?" అన్నాడు గుమ్మంలోంచి.

"మీ పుణ్యమా అని కాపురమంతా నేలకేసి కొట్టాను. ఇంకా ఏం మిగిలింది, నేను తప్ప?" అంది భార్య.

అంటూనే మూత కొంగుతో తుడిచి, అతను మైకు పట్టుకుని గొంతుక్కూర్చునేదాకా ఆగి, మళ్లీ జారవిడిచింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు ఆవిడకి. ఆ చప్పుడునే పదహారో వంతు వేగానికి దించితే, ఎక్కడో లోయలో మునిగిపోయిన గంట మోగినట్టు ఉంటుంది. ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. తెలిసినా ఏనాడూ విన్న పాపాన పోలేదు.

భయం తయారుచెయ్యడం అతని పని. టైర్ల దుకాణం పైన రెండు గదుల స్టూడియో. అందులో లోపలి గది అతనిది. సీరియళ్లలో ఎవరూ లేని ఇంటి తలుపు తెరుచుకుంటుంది చూడండి, అప్పుడు వెనకాల ఒక హోరు వస్తుంది. పాట కాదు, తాళం లేదు, మాట లేదు. వింటున్నామని కూడా తోచదు గానీ, కడుపులో మాత్రం చల్లగా ఏదో కదులుతుంది. అదీ అతని చేతి పని. తిరునాళ్లలో దయ్యాల గుడారానికి చేశాడు, నాటకాలకి చేశాడు. ఈ మధ్య ఊరికే చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాళ్లు కూడా తయారయ్యారు. గుబులు బాబాయ్ అన్న పేరు స్టూడియోలో అందరూ కలిసి పెట్టిందే. చివరికి కూరగాయలమ్మే ఆవిడ కూడా "గుబులు బాబాయ్, వంకాయలు లేతగా ఉన్నాయి" అని పిలవసాగింది.

అంత భయం పంచిపెట్టే మనిషి బల్లిని చూస్తే మంచమెక్కుతాడు. వీధి చివర కుక్క లేచి నిలబడితే వీధే మార్చుకుంటాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నడిస్తే అడుగు వినబడదు. ఎవరైనా గట్టిగా తుమ్మితే "అయ్యో" అని గుండె మీద చెయ్యి వేసుకుంటాడు.

అతనికి ఉన్న బాధల్లా ఒక్కటే. ముప్ఫై ఏళ్లుగా ఏ హోరు చేసి ఇచ్చినా, అది బయటికి వచ్చేసరికి దాని మీద ఎవరో ఒకరు ఒక ఆడమనిషి కేక అతికించేవారు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఆ కేక దగ్గరికి వచ్చేసరికి లేచి మంచినీళ్లకి వెళ్లిపోయేవాడు. ఈ సారి మాత్రం అబ్బాయ్, అంటే స్టూడియో యజమానే, మాట ఇచ్చాడు: నలభై నిమిషాల హోరు, పూర్తిగా అతనిదే, అట్ట మీద అతని పేరు. తీరా నిన్న సాయంత్రం ఫోన్ చేసి, "బాబాయ్, ఒక్క కేక. ముప్ఫయ్యో నిమిషంలో. చిన్నదే" అన్నాడు. అతను రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున తీగల సంచి భుజానికి తగిలించుకుంటే ఎడమ చెయ్యి లాగింది. సంచి బరువు అనుకున్నాడు.

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగేసరికి తొమ్మిది దాటింది. మర్నాటి నుంచి దాన్ని పడగొడతారు. గేటు దగ్గర కాపలా మనిషి ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చి, అతన్నీ మైకునీ ఎగాదిగా చూశాడు.

"దయ్యాల కోసమా? పోయినవారం కూడా ఇద్దరు కెమెరాతో వచ్చారు. ఏమీ దొరకలేదని నన్ను తిట్టిపోయారు."

"నాకు దయ్యాలు వద్దు నాయనా. ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో, అది కావాలి."

"దానికి ఇంత దూరం దేనికండీ? మా ఇంటికొచ్చి నా పక్కన కూచోండి. మా ఆవిడ పుట్టింటికెళ్లింది" అని తాళం తీశాడు.

లోపల ఐస్ గడ్డ కట్టించే గుంటలు వరసగా, మూతలు ఊడిపోయి, సమాధుల్లా ఉన్నాయి. ఉప్పు మరకలు గోడల్ని సగం దాకా తినేశాయి. పైన గొట్టాలు, వాటి తెగిన నోళ్లు. అతను చెప్పులు గుమ్మం బయటే విడిచి, మైకు నిలబెట్టి, మీట నొక్కకుండా వెయ్యి దాకా లెక్కపెట్టాడు. ఎప్పుడూ అంతే చేస్తాడు. మనిషి గదిలోకి వస్తే గది కాసేపు ఆ మనిషినే పలుకుతుందట. ఆ పలుకు పోయి, గది మళ్లీ తనది తాను అయ్యాకే నొక్కాలట.

ఆ లెక్క అతనికి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు అతని తల్లి పిండిమర ఆడించేది. మర వెనకే ఇల్లు. పుట్టింది మొదలు ఆ రొదలోనే తిన్నాడు, ఆ రొదలోనే నిద్రపోయాడు. ఒక రోజు కరెంటు పోయి మర ఆగింది. బెల్టు నిలిచినా, రాయి నిలిచినా, గోడలో ఏదో చాలాసేపు మూలుగుతూనే ఉంది. "అమ్మా, ఎవరది?" అని వణుకుతూ అడిగాడు. ఆవిడ పిండి చేతుల్తోనే అతని చెవులు రుద్ది, "ఎవరూ లేరురా. ఇల్లు అలుపు తీర్చుకుంటోంది" అంది. ఎవరో ఉన్నారంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. ఎవరూ లేరన్న మాటే అతన్ని పట్టుకుంది. జీవితమంతా ఆ ఒక్క మూలుగునే వెతుక్కున్నాడు.

వెయ్యి అయింది. మీట నొక్కాడు. గాలి తెగిన గొట్టంలోకి దూరి, గుంట గుంటనీ తడుముకుంటూ వచ్చింది. అతను ముప్పావుగంట కదలలేదు. తొంగిచూసిన కాపలా మనిషి, నోటికొచ్చిన పరాచికం మింగేసి, మునివేళ్ల మీద వెనక్కి వెళ్లాడు.

మధ్యాహ్నం స్టూడియోలో ఆ గాలినీ, పొద్దుటి మూతనీ, ఇదివరకే పేర్చి ఉంచిన హోరులో కలిపాడు. నాలుగింటికి అబ్బాయ్ వచ్చాడు. అతన్ని నిక్కర్ల వయసు నుంచీ ఎరుగుదును కదా అని బాబాయ్ అతన్ని అబ్బాయ్ అనే పిలుస్తాడు. యజమాని అయినా పిలుపు మారలేదు.

"కేక రెడీగా ఉంది బాబాయ్. మంచి గొంతు. వింటే పాలు విరిగిపోతాయి."

"నీకు చీకటి గదిలో ఎప్పుడు భయమేస్తుంది అబ్బాయ్? ఎవరైనా అరిస్తేనా?"

"వెయ్యదా మరి?"

"వెయ్యదు. హమ్మయ్య, ఎవరో ఉన్నారనిపిస్తుంది. అరిచినవాళ్ల దగ్గరికి పరిగెత్తుతావు. అరిచేవాళ్లు కూడా లేకపోతే ఎక్కడికి పోతావు?"

అబ్బాయ్ నెత్తి గోక్కున్నాడు. "మీరు చెప్తుంటే బానే ఉంటుంది. కొనేవాళ్లకి మీరు పక్కన కూర్చుని చెప్పలేరు కదా."

"మొత్తం ఒక్కసారి విను. నడుమ లేవకు. విన్నాక కూడా కేక కావాలనిపిస్తే నా చేత్తో నేనే వేస్తాను. సరేనా?"

సరే అనుకున్నారు. అబ్బాయ్ బయటి గదిలో అద్దం ఇవతల కూర్చున్నాడు. బాబాయ్ లోపల అద్దానికి వీపు పెట్టి కూర్చుని, తలుపు మీది ఎర్ర దీపం వేసుకున్నాడు. ఆ దీపం వెలుగుతుంటే తలుపు ముట్టుకోకూడదు. అబ్బాయ్ తండ్రి పెట్టిన నియమం అది. అది ఆరేదాకా ఇల్లు తగలబడుతోందన్న కబురు కూడా ఆగాల్సిందేనని ఆయన అనేవాడు. లోపలివాళ్లు కూడా కదలరు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గంటసేపు బొమ్మలా కూర్చోవడంలో బాబాయ్‌ని మించినవాడు లేడు.

మొదట ఏమీ లేదు. తర్వాత, ఎప్పుడు మొదలైందో తెలియకుండా, అడుగున హోరు. దాని మీదుగా గొట్టంలో గాలి. లోయలో గంట ఒక్కసారే మోగి, మళ్లీ మోగుతుందని ఎదురుచూస్తే మోగలేదు. అబ్బాయ్ గడియారం చూసుకోవడం మానేశాడు. ముప్ఫయ్యో నిమిషంలో ఒక్కొక్క మోతా లేచి వెళ్లిపోసాగింది, పిలిచినా తిరిగి చూడని చుట్టాల్లా. చివరికి ఖాళీ గది ఒక్కటే మిగిలింది. అబ్బాయ్ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. నలభై నాలుగేళ్ల మనిషి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకున్నాడు.

అయిపోయాక కాళ్లు కిందికి దించాడు. లోపలికి వినబడే మైకు నొక్కి, "బాబాయ్, కేక వద్దు. ఎవడైనా వేస్తానంటే వాణ్ణి తంతాను. ఇలాగే వెళ్తుంది, మీ పేరుతో" అన్నాడు.

బాబాయ్ తిరగలేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మళ్లీ మొదటినుంచీ వింటున్నాడు కాబోలనుకున్నాడు అబ్బాయ్. టీ ఆవిడ వచ్చి అద్దంలోంచి చూసి, "ఆయనెప్పుడూ అంతేగా! ఈగ వాలినా కదలరు" అని గ్లాసు కిటికీలో పెట్టి పోయింది. టీ మీద మీగడ కట్టింది. ఇంకో అరగంట గడిచింది. అప్పుడు బాబాయ్ ఇంటి నుంచి ఫోన్: "వస్తూ వస్తూ ఉల్లిపాయలు తెమ్మని చెప్పు నాయనా. ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

అబ్బాయ్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎర్ర దీపం వెలుగుతుండగా తలుపు తీశాడు. బాబాయ్ చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. మెడ చల్లగా ఉంది. వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగి గంట పైనే అయిందన్నాడు. నొప్పి పడ్డ జాడలేమీ లేవన్నాడు.

భార్య ఆటోలో వచ్చింది. ఏడ్చింది. ఏడుపు సద్దుమణిగాక అడిగింది.

"కేక సంగతి ఏమైంది? పొద్దున్నంతా అదే బెంగ."

"వద్దని చెప్పేశాను పిన్నీ. ఆయనదే గెలుపని చెప్పాను."

"విన్నారా?"

అబ్బాయ్ కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు చెప్పిన గంటకీ, తను మైకు నొక్కిన వేళకీ లెక్క చూసుకోవడం అతని వల్ల కాలేదు.

"చెప్పావు కదా. చాల్లే" అంది ఆవిడ.

నెల తిరక్కుండానే హోరు బయటికి వచ్చింది. కేక లేదు. అట్ట మీద పేరు ఉంది. ఆవిడ మొదటిసారి విన్నది. సగంలో వంటింటి వైపు చూసి, "అది నా మూతే" అంది. మిగతా సగం దీపాలన్నీ వేసుకుని విన్నది.

తర్వాత ఒక పగటిపూట సామాన్లు తీసుకెళ్లడానికి స్టూడియోకి వచ్చింది. కళ్లజోడు, గొడుగు, తీగల సంచి. కుర్చీ కూడా ఇంటికి పంపుతానని అబ్బాయ్ దాన్ని పక్కకు ఎత్తాడు. ఆవిడ నేల మీదికి వంగింది.

"ఇదా! రెండేళ్లుగా ఇల్లంతా వెతికానురా దీనికోసం. పనిమనిషిని కూడా అనుమానించాను."

కుర్చీ కిర్రుమనకుండా నాలుగు కాళ్ల కిందా పెట్టుకున్న ఆమె నీలం శాలువా ముక్కలు, కత్తెరతో శ్రద్ధగా చదరంగా కత్తిరించి నాలుగేసి మడతలు వేసినవి, మధ్యలో గుండ్రంగా ఒక్కొక్క నొక్కుతో, ఉన్నచోటే ఉన్నాయి.