మూత పెట్టిన మట్టి

నేను ఒక బకెట్టెడు మట్టిని. హైదరాబాదు శివారులో ఒక ఇంటి మెట్ల పక్కన, పెయింట్ అయిపోయిన బకెట్టులో ఉంటాను. ఒకప్పుడు ఇదే చోట పాలకూర మడిని. తెల్లవారకముందే నీళ్లు పెట్టే చేతులుండేవి నాకు. ఆ చేతులు నన్ను అమ్ముకున్నాక నా మీద రేకుల షెడ్డు లేచింది. అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. యాసిడ్ నా మీదే పారబోసేవాళ్లు, పొగలోని బూడిదా నా మీదే పడేది. నన్నెవరూ అడగలేదు. మట్టిని అడిగే అలవాటు మనుషులకు లేదు.

కొన్నేళ్లకు షెడ్డు పోయింది. వానలు పడి గడ్డి మొలిచింది. పచ్చగా కనిపిస్తే చాలు, మనుషులు అన్నీ మర్చిపోతారు. ప్లాట్లు చేసి అమ్మారు. సీసం మాత్రం ఖాళీ చేయని కిరాయిదారులా నాలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఇల్లు కట్టుకున్న నర్సవ్వ, గోంగూర వేయడానికి నర్సరీ మట్టి తెద్దామన్న కోడలితో, "ఇంటి ముంగట ఇంత మట్టి పెట్టుకొని కొంటవా?" అని నన్ను బకెట్టులోకి ఎత్తింది. ఆ కోడలు రజిత రోజూ పొద్దున్నే నీళ్లు పోసేది. ఎన్నేళ్లకో మళ్లీ ఒక చేయి నా కోసం వచ్చింది. ఆ పొద్దు కోసమే ఎదురుచూసేదాన్ని.

రజితకు అప్పుడు మూడో నెల. ఒకరోజు నీళ్లు పోసి, వంగి, కళ్లు మూసుకుని నా వాసన పీల్చింది. అటూ ఇటూ చూసి చిటికెడు నోట్లో వేసుకుంది. నర్సవ్వ చూసి నవ్వింది.

"కడుపుతోని ఉంటే మట్టి మీదికి పోతది మనసు. నేను తినలేదా?"

నర్సవ్వ తిన్నది తన ఊరి మట్టిని. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. నన్ను అంతగా కోరుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఆమె రావాలని ఉండేది, రాకూడదనీ ఉండేది. చిటికెడు కాస్తా పూటకు చిటికెడు అయింది.

ఐదో నెలలో పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెంటయ్య గోడ అవతల నుంచి చూశాడు. ఆ షెడ్డులో సీసం కరిగించినవాళ్లలో ఆయనొకడు.

"ఆ మట్టి తినకు బిడ్డా," అన్నాడు. "అండ్ల సీసం ఉన్నది. మేమే పోసినం."

"ఆ షెడ్డు ఎన్నడో పోయింది కదా తాతా."

"షెడ్డు పోయింది. సీసం యాడికి పోతది?" వణుకుతున్న చేతులు గోడ మీద పెట్టి చూపించాడు. "పెద్దోన్ని నేనే ఇట్లయిన. కడుపులది పసిగుడ్డు. దవాఖానకు పోయి రక్తం చూపించుకో."

రక్తంలో సీసం ఉంది. డాక్టరమ్మ మట్టి మాన్పించి, బిళ్లలు రాసి, బిడ్డకు ఎంత చేరిందో పుట్టాక చూడాలంది. ఆ రోజు నర్సవ్వ అన్నం ముట్టలేదు. మర్నాడు గోంగూర పీకేసి, బకెట్టుకు మూత బిగించి, వాకిలంతా సిమెంటు చేయించింది.

ఇప్పుడు పాపకు పదకొండు నెలలు. ఆ చిన్న ఒంట్లోనూ కాస్త సీసం ఉందట, మళ్లీ మళ్లీ రక్తం తీసి చూస్తున్నారు. పాప సిమెంటు మీదే పారాడుతుంది. ఆ పాదాలు ఒక్కసారి నా మీద ఆనితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంటుంది. ఆ కోరిక తీరకూడదనే నా కోరిక.

నిన్న వాన పడింది. మూత పగులులోంచి నీళ్లు దిగి నా వాసన లేచింది. పాపనెత్తుకున్న రజిత గడపలో ఆగి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత పాప ముఖం మీద చున్నీ కప్పి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మంచి పని చేసింది. ఏం చేయను, నా వాసన ఇంకా పాలకూర మడి వాసనే.