అరువు పిల్లల హాజరు

బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట తెలుగు బడిని మూసేస్తారన్న కబురు రాగానే అందరికన్నా ముందు ఎగిరింది బడి పరిరక్షణ కమిటీ పెద్ద జ్ఞానరత్నం. రైల్వే గార్డుగా రిటైరయ్యాడు గానీ ఆయన నోరు ఇంకా రిటైరవ్వలేదు. "మన బడి మీద సెయ్యేత్తారా? సూత్తాను!" అన్నాడు.

సర్కారువారి కొత్త ప్రణాళికలో పిల్లలు తక్కువున్న బడులన్నీ పెద్ద బడుల్లో కలిపేస్తారట. తలలు లెక్కపెట్టడానికి శనివారం ఆఫీసరు వస్తున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ సూసన్న గుండెల్లో రాయి పడింది. అక్కడే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పి తల నెరిసిన మనిషి. ఇప్పుడేమో బెంచీలెక్కువ, పిల్లలు తక్కువ.

"మన చర్చి సండే స్కూలు పిల్లల్ని శనారం ఇక్కడ కూకోబెట్టేద్దాం టీచరమ్మా," అన్నాడు జ్ఞానరత్నం. దొంగపని అని తెలిసీ సూసన్న తలూపింది.

శనివారం బడి కళకళలాడింది. ముందు వరసలో సూసన్న మనవరాలు వినీల. ఆఫీసరు గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, పిల్లలంతా అలవాటుకొద్దీ లేచి కళ్లు మూసుకుని "దేవునికి స్తోత్రం!" అని ఒక్క గొంతుతో అరిచారు. తెలుగువాళ్ల మర్యాద కాబోలనుకుని ఆ బెంగాలీబాబు కూడా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. సూసన్నకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

తరవాత ఆయన వినీలకు సుద్దముక్క ఇచ్చి, పేరు తెలుగులో రాయమన్నాడు. పిల్ల వంకరగా 'వి' రాసి వెనక్కి తిరిగింది.

"మామ్మా, దీని తరవాత ఏటి?"

ఏ బడి నీదని ఆఫీసరు అడిగాడు. "ఇందా పేటలో, ఇంగ్లీష్ మీడియం! గార్డు తాత మనవలు కూడా నా బస్సే," అంది వినీల గర్వంగా.

జ్ఞానరత్నం భాషా హక్కుల మీద ఉపన్యాసం ఎత్తుకోబోయాడు. సూసన్న కళ్లతోనే ఆపింది.

"మీ పిల్లల్ని మీరే పంపని బడికి మేం టీచర్లని ఎందుకు పంపాలి, దీదీ?" అని మెల్లగా అడిగి, పిల్లల్ని చేర్చుకోడానికి కొత్త తరగతులు మొదలయ్యేదాకా గడువిచ్చి వెళ్లాడు ఆఫీసరు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించి ఇంట్లో పిల్లను వదిలేసినందుకు సూసన్న సిగ్గుతో చచ్చిపోయింది.

"పిల్ల బతుకేటైపోద్దమ్మా?" అని ఆ సాయంత్రం, వినీలను తన బళ్లోకి మారుస్తానన్న తల్లి మీద కొడుకు రాజ్ కిరణ్ గునిశాడు.

"నువ్వు నా బళ్లోనే సదివినావు. లోకో షెడ్డులో ఉజ్జోగం రాలేదేటి?" అంది.

కొత్త తరగతుల మొదటిరోజు వినీల టై లేకుండా ముందు వరసలో కూర్చుంది. సూసన్న బోర్డు మీద 'వి' పక్కన 'నీ' రాస్తుంటే గుమ్మంలో అలికిడైంది. జ్ఞానరత్నం మనవళ్ల చేతులు పట్టుకుని, లోపలికి రావడానికి మొహం చెల్లక నిలబడ్డాడు.

"రండి గార్డుగారూ," అంది సూసన్న. "బండి ఇంకా కదల్లేదు."