భుజ్ నుంచి వచ్చిన మనిషి

"నందకుమార్ ఇల్లు ఇదేనా?" అని ఒక ఉత్తరాది ఆడమనిషి వచ్చీరాని తమిళంలో గడప దగ్గర నిలబడి అడిగినప్పుడు, సుందరవల్లి మగ్గం మీంచి లేవలేదు.

"నిన్నెవరు పంపినారు?" అంది.

నందకుమార్ ఆమె తమ్ముడు. 2001 జనవరిలో చీరల మూట ఎత్తుకుని చేనేత ప్రదర్శనకని తిరుత్తణి నుంచి గుజరాత్‌లోని భుజ్‌కు పోయినాడు. రిపబ్లిక్ దినం పొద్దున వచ్చిన భూకంపంలో ఆ ఊరు కూలిపోయింది. వాడి శవం కూడా దొరకలేదు. నెల తిరక్కముందే ఎవడో వచ్చి, మీవాణ్ణి అహ్మదాబాద్ ఆస్పత్రిలో చూసినానన్నాడు. ఆ మాట నమ్మి నాన్న మూడు వారాలు వార్డు వార్డూ తిరిగి, వట్టి చేతులతో వచ్చి మంచం పట్టినాడు. అప్పట్నుంచీ తమ్ముడి పేరెత్తే కొత్తవాళ్ళంటే సుందరవల్లికి ఒళ్ళు మంట.

వచ్చినామె పేరు హంస అట. మొగుడికి చెన్నై దగ్గర కాట్టుపల్లి హార్బరులో కాంట్రాక్టు పని. బస్టాండులో కండక్టరు "తిరుత్తణి, తిరుత్తణి" అని అరుస్తుంటే అది నందకుమార్ చెప్పిన ఊరని గుర్తొచ్చి, వెతుక్కుంటూ వచ్చిందట. సుందరవల్లి కూతురు యశస్వినికి హిందీ వచ్చు; పక్కన కూర్చుని హంస మాటలు తెలుగులో చెప్పింది.

"నాకప్పుడు పద్నాలుగేండ్లు. ఆయన దిగిన లాడ్జి మా నాన్నది. ఒకే గోడ కింద ఇద్దరం ఇరుక్కుపోయినాం. నేను నిద్రలోకి జారకుండా ఆయన తనకొచ్చిన హిందీలో మాట్లాడుతానే ఉన్నాడు."

"ఇట్లాంటివన్నీ అప్పుడు పేపర్లో పడినవే. యాడో విని వచ్చింటాది," అంది సుందరవల్లి కూతురితో. "వాడి మొహం మీద మచ్చ యాడ ఉండేదో అడుగు."

"అంతకుముందు చూసింది లేదంట, చీకట్లో మొహమే కనపడలేదంటాంది."

"చూసినావా, ఎట్ల తప్పించుకుంటాందో! సరే, నా గురించి ఏం చెప్పినాడో అడుగు."

అక్కంటే ప్రాణమన్నాడని చెప్తుంది. మోసం చేసేవాళ్ళెవరైనా చెప్పేది అదే. ఆ మాట రాగానే బయటికి పొమ్మందామని సుందరవల్లి కాచుకుని ఉంది.

హంస తల దించుకుంది. తలెత్తకుండానే ఏదో అంది. యశస్విని దాన్ని తెలుగు చేయకుండా తల్లి మొహం చూసింది.

"చెప్పు, ఏమంటాంది?"

"మామకు నీ మీద కోపమంటమ్మా. కడంబత్తూరు సంబంధం నువ్వే చెడగొట్టినావంట. మామకు మూర్ఛలొస్తాయని వాళ్ళకు పేరు లేని ఉత్తరం రాసినావంట. వాళ్ళు చూపిస్తే చేతిరాత గుర్తుపట్టినాడంట."

సుందరవల్లి చేతిలో పోగులు దాటించే నాడె ఆగిపోయింది. ఆ ఉత్తరం సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. తమ్ముడు ఇల్లరికం పోతే మగ్గాలు మూలపడతాయనే భయంతో రాసింది. ఆ సంగతి తెలీకుండానే వాడు పోయినాడని ఇన్నేండ్లూ తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ వచ్చింది.

"పోనీలే అన్నాడా?" అంది.

"అట్ల అన్లేదంట. ఇంటికి పోయి అక్కనే నిలదీసి అడుగుతానన్నాడంట. రెండో రోజు సాయంత్రం ఆయన గొంతు ఆగిపోయిందంట. మర్నాడు ఈమెను బయటికి లాగినారంట. ఈమెను ఆస్పత్రికి ఎత్తుకుపోయినాక, ఆయన్ని పేరు తెలీని శవాల్తో కలిపి కాల్చేసినారంట."

"మరి ఇప్పుడెందుకొచ్చింది?"

"మామ మాట్లాడకపోయింటే తాను బతికుండేది కాదంట. ఆ మాట ఆయన మనుషులకు చెప్పాలని వచ్చినానంటాంది."

సుందరవల్లి మగ్గం దిగొచ్చి హంసకెదురుగా నేల మీద కూలబడింది.

"ఆ ఉత్తరం నేనే రాసినానని ఆమెకు చెప్పు యశా," అంది. "వాడు మాట్లాడినవన్నీ మొదట్నుంచీ చెప్పమను. నన్ను తిట్టినవి కూడా."