తాళం వేసిన ఇంట్లో ఇద్దరు

జనాభా లెక్కల డ్యూటీలో తనకు తాముండే వాగు పక్క వీధులే పడ్డాయని తెలియగానే టీచరమ్మకు సగం ప్రాణం పోయింది. అక్కడ సర్కారు పేరు చెబితే జనం నవ్వుతారు. బస్తీ సంఘం పేరు చెబితే గొంతు తగ్గిస్తారు.

నీళ్ళ ట్యాంకరు తెప్పించేది సంఘం. వీధిదీపం మాడిపోతే మార్చేది సంఘం. మొగుడూ పెళ్ళాల తగవు తీర్చేదీ సంఘమే. మూడేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు ఆఫీసర్లు నాలుగో రోజుకు గానీ రాలేదు. మొదటి రోజే నడుంలోతు నీళ్ళలో దిగి, టీచరమ్మ అత్తగారిని వీపున వేసుకుని గట్టెక్కించింది సంఘంలోని ఓ హమాలీ. అప్పటినుంచి ఆ ముసలావిడ ఇంట్లో ఎవర్నీ సంఘం మీద ఒక్క మాట అననిచ్చేది కాదు.

అందుకే సంఘం తరఫున ఒకాయన వెంట తిరుగుతానంటే టీచరమ్మ కాదనలేకపోయింది. అందరూ ఆయన్ని కళ్ళద్దాలాయన అంటారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఏ తలుపు దగ్గరైనా ప్రశ్న ఈవిడ అడిగేది, లోపలివాళ్ళు ఆయన ముఖం చూసి జవాబు చెప్పేవాళ్ళు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక నీలం తలుపు ముందు ఆగారు. బయట అరచేతంత తాళం.

“ఇది ఖాళీ అండీ. సున్నా వేసేయండి” అన్నాడాయన.

ఆమె పెన్ను ఎత్తింది. తలుపు పైన గాలి కోసం వదిలిన కన్నంలోంచి ఆడగొంతు వినిపించింది.

“అక్కా! ఇద్దరం ఉన్నాం. నేనూ, మా చెల్లీ. రాసుకో అక్కా!”

కళ్ళద్దాలాయన తాపీగా అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఎండ ఎక్కువగా ఉంది టీచర్ గారూ. మీకేమన్నా వినిపించిందా?”

“లేదండీ” అంది. సున్నా వేసింది. ఆ చేయి తనది కానట్టే ఉంది.

రెండిళ్ళ అవతల ఆయన ఫోను మాట్లాడుతూ పక్కకు వెళ్ళగానే, ఇస్త్రీ చేసుకునే ఆవిడ బట్టల మూట సర్దుతున్నట్టు వంగి గొణిగింది.

“ఆ బట్టలు కుట్టే పిల్లలే తల్లీ. సంఘం మనిషొకడు కొట్టాడని పెద్దది పోలీసు స్టేషన్‌కి పోయింది. వాళ్ళు కంప్లైంటు రాసుకోలేదు సరికదా, ‘మీ సంఘంలో చెప్పుకో పో’ అని సంఘానికే ఫోన్ చేసి మరీ అప్పజెప్పారు. ఎవరూ కొట్టలేదని కాగితం రాసిచ్చేదాకా తలుపు తీయరట. పదకొండు రోజులైంది. నేను చెప్పానని మాత్రం అనకు, నీకు దణ్ణం పెడతాను.”

సాయంత్రం ఆఫీసులో టీచరమ్మ నోరు విప్పగానే సూపర్‌వైజరు లేచి తలుపు మూశాడు. తర్వాత కిటికీ కూడా మూశాడు.

“మీరు విన్నది నాకు చెప్పకండమ్మా. చెబితే నేనూ విన్నట్టవుతుంది.”

“పోనీ పోలీసులకి...”

“పోలీసులేగా అప్పజెప్పింది?”

ఆమె బయటికొచ్చేసింది. సున్నా వేసిన ఇంటికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. అంకెలో తేడా కనిపిస్తే మాత్రం పైనుంచి వేరే ఆఫీసరు వచ్చి చూసి తీరాలి. ఆ సంగతి శిక్షణలో చెప్పారు. వరండాలో నిలబడే ఫారం తీసి సున్నా కొట్టేసి, “ఇద్దరు స్త్రీలు, బయట తాళం” అని రాసి, పక్కన సంతకం చేసి, ఫారాల పెట్టెలో పడేసింది.

ఇల్లు చేరి గంట కాలేదు, గుమ్మంలో కళ్ళద్దాలాయన.

“బాగున్నారా పెద్దమ్మా?” అంటూ అత్తగారి ఎదుట కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆ తర్వాత టీచరమ్మ వైపు తిరిగాడు. “ఫారంలో ఏదో చేతి పొరపాటు జరిగిందటగా. రేపొకసారి వెళ్ళి సరిచేసేయండి. అన్నట్టు, మీ పాప ఈమధ్య చెరుకురసం బండి వైపు నుంచి వస్తోంది. ఆ దారిలో లారీలెక్కువ.”

ముసలావిడ విషయమేంటో చెబితేగాని ఊరుకోనంది. కోడలు తడబడుతూ రెండు ముక్కల్లో చెప్పింది.

“ఆ ఇంట్లో ఎవరున్నారు బాబూ?” అని అడిగిందావిడ.

“ఎవరూ లేరు పెద్దమ్మా.”

“మరి తాళం తీసి చూపించడానికేం?”

ఆయన నవ్వి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ముసలావిడ చేతికర్ర అందుకుంది. “వద్దు అత్తయ్యా, పిల్లది ఉంది మనకి” అని టీచరమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

“నా ప్రాణం నిలబెట్టినవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారే. మొహాలు చూసి అడుగుతా. వాళ్ళకి సిగ్గన్నది ఉందో లేదో తేలిపోవాలి.”

నీలం తలుపు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. టీచరమ్మ వెనక నిలబడింది, చెమటతో జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది. ఒక్కొక్కరే ఆడవాళ్ళు బయటికొచ్చారు. పదయ్యేసరికి నలభై మంది దాకా పోగయ్యారు. వీధి చివర నిలబడి కళ్ళద్దాలాయన ఫోనులో మాట్లాడుతున్నాడు.

అప్పుడొచ్చాడు హమాలీ. ముసలావిడ వైపు చూడలేక తల వంచుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. కాపలా అతనిదేనని అప్పుడు అర్థమైంది అందరికీ.

అక్కచెల్లెళ్ళు వెలుతురు భరించలేక కళ్ళు మూసుకుని బయటికొచ్చారు. చిన్నది నిలబడలేకపోయింది. అంతమంది ఆడవాళ్ళ ముందు వాళ్ళని ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. టీచరమ్మే బస్సెక్కించింది. ఎక్కడికని అడగలేదు, తెలియకపోవడమే మేలనుకుంది.

నాలుగు రోజులకు పై ఆఫీసరు వచ్చి, ఖాళీ ఇల్లు చూసి, తప్పుడు లెక్క రాసినందుకు ఆమెకు మెమో ఇచ్చాడు. నీళ్ళ ట్యాంకరు టీచరమ్మ వాళ్ళ గుమ్మం ముందు ఆగడం మానేసింది. కూతుర్ని రోజూ తనే బడి దాకా చేయి పట్టుకుని తీసుకెళ్తోంది. దారిలో కళ్ళద్దాలాయన ఎదురైతే, “అందరూ కులాసాయేనా?” అని అంతే మెత్తగా అడుగుతాడు.

ఆ ఆదివారం హమాలీ భార్య వచ్చింది. పనికని వెళ్ళిన మనిషి మూడు రోజులైనా ఇంటికి రాలేదట.

“చదువుకున్నదానివి నువ్వు చెప్పమ్మా. ఎవర్ని అడగాలి? స్టేషన్‌కి పోనా? సంఘాన్ని అడగనా?”

టీచరమ్మ వీధి అటూ ఇటూ చూసింది. చెప్పడానికి ఒక్క పేరూ తోచలేదు. ఆమె చేయి పట్టుకుని లోపలికి లాగి, తలుపు గడియ పెట్టింది.